సైరను మీట ఎవరి చేతిలో?

2025వ సంవత్సరము మే 7వ తేదీ సాయంకాలము 4 గంటలకు విశాఖపట్టణములోను హైదరాబాదులోను సైరనులు మ్రోగినవి. శత్రువిమానములు వచ్చినచో పౌరు లేమి చేయవలెనో నేర్పుటకై కేంద్రప్రభుత్వము దేశమందలి 244 పౌరరక్షణ జిల్లాలకు ఏర్పాటుచేసిన అభ్యాస మది. ధ్వని హెచ్చుచు తగ్గుచు రెండు నిమిషములు కూసినచో ఆపద వచ్చుచున్నదనియు, ఒకే స్వరమున రెండు నిమిషములు నిలిచి కూసినచో ఆపద తొలగినదనియు దాని సంకేతము. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసిన దినములలో మన తాతలు ఇట్టి పాఠమునే నేర్చుకొనిరి. మనుమలకు మరల చెప్పవలసివచ్చినది. అభ్యాసము మంచిదే, దానిని మే మాక్షేపింపము.

అయితే ఆ మే 7వ తేదీకే విశాఖపట్టణమున మఱియొక జ్ఞాపకము కలదు. సరిగా ఐదేండ్లకు పూర్వము, 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున 3 గంటల ప్రాంతమున, నగరపు అంచునగల ఆర్‌.ఆర్‌. వెంకటాపురము నానుకొనియున్న ఎల్‌.జి. పాలిమర్స్ కర్మాగారములో స్టైరీను ద్రవము నిలువచేసిన తొట్టి లోలోన వేడెక్కి, దాని యావిరి ఊరిమీదికి వ్యాపించెను. జనులు నిద్రలో నుండిరి. కొందఱు నిద్రలోనే స్పృహ తప్పిరి. కొందఱు లేచి, ఏ దిక్కునకు పరుగెత్తవలెనో తెలియక వీధిలో కూలిరి. తక్కువ లెక్కలో చూచినను 12 మంది ప్రాణములు పోయినవి. వందలకొలది ఆసుపత్రుల పాలైరి. రాష్ట్రప్రభుత్వము నియమించిన ఉన్నతాధికారసంఘము విచారణ జరిపి ఆ జూలై నెలలో నివేదిక సమర్పించినది. అందు మా దృష్టి నాకర్షించిన విషయ మొక్కటి. ఆ కర్మాగారమున అపాయసూచన నిచ్చుటకు సైరను ఏర్పాటు కలదు. దానిని మ్రోగించుటకు 36 స్థానములలో మీటలు కలవు. ఆ రాత్రి ఒక్క మీటయు ఉపయోగింపబడలేదు.

ఈ యంకెవద్ద పాఠకులు ఒక క్షణము నిలువవలెనని కోరుచున్నాము. మీట దూరముగా నుండెనని చెప్పుటకు వీలు లేదు. సైరను కొనుటకు ధనము లేకపోయెనని చెప్పుటకును వీలు లేదు. యంత్రము కలదు, ముప్పదియాఱు మీటలు కలవు, వాని నొక్కుటకు మనుష్యులును కలరు. కానరానిది ఒక్కటే: ఎప్పుడు నొక్కవలెను, నొక్కుట ఎవరి విధి, నొక్కకున్న జవాబుదారి ఎవరు అను నిర్ణయము. అభ్యాసదినమున శత్రువును తలచుకొని సైరను మ్రోగించిన పట్టణముననే, ఆపద నిజముగా వచ్చిన దినమున, అది ఊరి నడుమనున్న గోడ లోపలినుండి వచ్చుటచేత, సైరను మౌనము వహించినది. ఇందు తప్పు యంత్రముదా, యంత్రము చేసినవానిదా, కొని పెట్టుకొన్నవానిదా, చూచుచు ఊరకున్న మనదా?

యంత్రము చేసినవానినుండియే ఆరంభింతము. ఈ వృత్తిలో నూఱేండ్లకు మించి ప్రసిద్ధి వహించినది, అమెరికాలో చికాగో నగరపరిసరములలోని ఫెడరల్ సిగ్నల్ అను కంపెనీ. 1901లో అది ఫెడరల్ ఎలక్ట్రిక్ అను పేర వెలసినపుడు దాని పని అంగళ్లపైని పేర్లను విద్యుద్దీపములతో వెలిగించు పలకలు చేయుట. బాటసారిని రమ్మని పిలుచు దీపములు చేసి బ్రతుకు నారంభించిన కంపెనీ, 1915 మొదలుకొని బాటసారిని తొలగుమని హెచ్చరించు సైరనులు చేయుటకు దిగినది. తరువాత పోలీసువారి బండ్లపైని తిరుగుడు దీపములును చేసినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసి రష్యాతో వైరము ముదిరిన కాలమున, 1952లో, థండర్‌బోల్ట్ అను మహాసైరనును నిర్మించి అణుబాంబు భయముతో నున్న నగరములకు అమ్మినది. పిడుగు అని దాని యర్థము. పేరునకు తగిన గొంతే దానికి కలదు: వేఱొక ఊదుయంత్రమునుండి గాలిని గొట్టముద్వారా తెచ్చుకొని, పెద్ద కొమ్మును నలుదిక్కులకు త్రిప్పుచు అది అఱచును. ఒక విశేషము చెప్పక తప్పదు. నేడు ఆ కంపెనీ యాదాయమున హెచ్చుభాగము సైరనులనుండి రాదు. వీధులూడ్చు బండ్లు, మురుగుకాలువలు తోడు బండ్లు అమ్ముటవలన వచ్చును. హెచ్చరించుటకంటె ఊడ్చుటయందే ఆదాయ మెక్కువ కాబోలు!

సైరను కడుపులో మాయ యేమియు లేదు. 1819లో కాన్యార్ ద లా తూర్ అను ఫ్రెంచి విజ్ఞాని చిల్లులుగల బిళ్లను త్రిప్పి, గాలిని ఆ చిల్లులగుండ విడిచి, స్వరము పుట్టించెను. నీటిలో సైతము అది పాడుటచేత గ్రీకు పురాణములలోని సముద్రగాయకురాండ్ర పేరు దానికి పెట్టెను. బిళ్లకు 12 చిల్లులుండి అది సెకనునకు 50 మారులు తిరిగినచో గాలి 600 మారులు తెగును. ఆ 600 కంపములే మన చెవికి స్వరము. వేగము హెచ్చినచో స్వరము పైకెక్కును, తగ్గినచో దిగును. మోటారునకు విద్యుత్తు నిచ్చుచు ఆపుచు నుండుటవలననే ఆ ఏడ్పువంటి ఎగుడుదిగుడు కూత పుట్టుచున్నది. తిరుగుడు దీపమును అంతియే. దీప మారదు; దాని వెనుకనో చుట్టునో అద్దము తిరుగుచుండును; చూచువాని కంటికి వెలుగు మెఱసి మాయమైనట్లు తోచును. ఈ తరమున మోటారునకు మారు ఎలక్ట్రానిక్ పరికరములు, అద్దమునకు మారు చిన్న దీపముల వరుసలు వచ్చినవి. తత్త్వము మారలేదు. చెవిని కన్నును బలవంతముగా ఒకవైపునకు త్రిప్పుట యీ యంత్రముల పని. ఎందులకు త్రిప్పవలెనో యంత్రమునకు తెలియదు.

ఈ కంపెనీపై జరిగిన వ్యాజ్యములు న్యాయస్థానములలో కాలము గడపు మావంటివారికి మిక్కిలి ఆసక్తికరములు. 1999 నుండి 2004 వఱకు చికాగో నగరముగల కుక్ కౌంటీ న్యాయస్థానమున 33 వ్యాజ్యములు దాఖలైనవి. వాదులు 2,443 మంది అగ్నిమాపకభటులు. మంటలార్పుటకు పోవునపుడెల్ల బండిపైని సైరను మా చెవులలో మ్రోగి మ్రోగి మాకు చెవుడు వచ్చినది. ధ్వనిని ముందుకు మాత్రమే పంపునట్లు చేయవలసియుండగా నలువైపులకు పోవునట్లు చేయుట నిర్మాణలోపము అని వారి వాదము. ప్రక్కవీధులనుండి వచ్చు బండ్లకు వినబడకపోయినచో ప్రమాదము లగును, సైరను గట్టిగా నుండుటయే దాని గుణము, చెవులకు రక్షణ తొడుగుకొనుమని మేము చెప్పుచునే యున్నాము అని కంపెనీ వాదము. 2008లో మొదటి 27 గురి విచారణయందు జ్యూరీ ఏకగ్రీవముగా కంపెనీ పక్షమున తీర్పు చెప్పినది. 2009లో తొమ్మండుగురి విచారణయందు మఱియొక జ్యూరీ కంపెనీకి వ్యతిరేకముగా చెప్పి, మొత్తము 4 లక్షల డాలర్ల వఱకు నష్టపరిహార మిప్పించినది. ఒకే యంత్రము, ఒకే ఫిర్యాదు, రెండు తీర్పులు. రెండును మాకు అర్థమగుచునే యున్నవి. ఊరికి ప్రాణరక్షణ మిచ్చు ధ్వని, దానిని మోయువానికి చెవుడు తెచ్చినచో ఆ మూల్య మెవరు చెల్లింపవలెను? కొన్న పురపాలకసంఘమా, చేసిన కంపెనీయా? మన 108 బండ్లు నడుపు కుఱ్ఱవాండ్రును దినమెల్ల ఆ 'కుయ్ కుయ్' క్రిందనే యుందురు. వారి చెవుల నెవరైన పరీక్షింపించుచున్నారా యని మన అధికారులను అడుగవలసియున్నది.

కాని మే మిచట గమనింపగోరునది వేఱు. సైరను అధికముగా మ్రోగినదని వేలకొలది ఫిర్యాదులు న్యాయస్థానముల కెక్కినవి. మ్రోగకపోవుటనుగూర్చి చేసినవాని నెవ్వరును అడుగలేరు. అతడు మ్రోగుదానినే చేసి యిచ్చెను. మౌనమునకు ఉత్తరవాది మీట నుంచుకొన్నవాడు. అందుచే న్యాయవిచారము బజారులోని యంత్రమునుండి కర్మాగారములోని మీటకు పోవలెను. మీట చరిత్ర మన దేశమున భోపాలులో రక్తాక్షరములతో వ్రాయబడియున్నది.

1984 డిసెంబరు 2-3 తేదీల నడిరేయి యూనియన్ కార్బైడు కర్మాగారమునుండి విషవాయువు వెడలినపుడు అచట సైరను లేకపోలేదు. కార్మికులకు వినిపించునది యొకటి, ఊరికి వినిపించునది యొకటి రెండు ఏర్పాటు లుండెను. అంతకుముందు రెండును కలిసియే మ్రోగుచుండెడివి. చిన్న చిన్న లీకులకు ఊరివారు ఊరక బెదరుచున్నారను కారణముచేత వానిని విడదీసిరి. ఆ రాత్రి ఊరి సైరను కొలది నిమిషములు మ్రోగినది. పిదప దాని నాపివేసిరి. లోపలి ధ్వని మాత్రము లోపలివారికి వినబడుచుండెను. గోడ కావలనున్న గుడిసెలవారికి వాయువు కండ్లలోనికి వచ్చిన తరువాత గాని సంగతి తెలియలేదు. మరల సైరను పూర్తిగా మ్రోగునప్పటికి జనము వీధులలో పడిపోవుచుండిరి. వేలకొలది చనిపోయిరి. ప్రజలు బెదరుదురను దయతోనే మౌనము పాటించితిమని చెప్పువారిని మేము నమ్మము. బెదరునది తఱచుగా ప్రజలు గారు. పత్రికలకు, అధికారులకు, వాటాదారులకు సమాధానము చెప్పవలసివచ్చునని యజమాని బెదరును.

అయినను ఎదుటిపక్షమువారి వాదమునందలి సత్యమును మేము మఱుగుపఱచము. 'నాన్నా పులి' కథ మన పిల్లలందఱెఱిగినదే. మాటిమాటికి ఊరక కూసిన సైరనును ఎవడును లెక్కచేయడు. 2017 ఏప్రిల్ 7వ తేదీ అర్ధరాత్రి అమెరికాలోని డాలస్ నగరమున ఎవడో దొంగతనముగా రేడియో సంకేతము పంపి, తుపానులకై పెట్టిన 156 సైరనులను ఒక్కసారి మ్రోగించెను. మ్రోగుచు ఆగుచు అర్ధరాత్రి దాటినదాక ఆ గోల సాగినది. నిద్ర చెడిన జనులు అత్యవసర కార్యాలయమునకు 4,400కు మించి ఫోనులు చేసిరి. ఆపద లేదు, కాని మఱునాడు నిజమైన తుపాను వచ్చియుండినచో ఎందఱు లేచియుందురు? మీట గట్టివాని చేతిలో నుండవలెననుటయు, తాళము భద్రముగా నుండవలెననుటయు ఇందువలన తెలియుచున్నది.

హవాయి దీవులలో జరిగినది ఇంతకంటె చిక్కైన సంగతి. 2023 ఆగస్టు 8వ తేదీన మావీ ద్వీపమున లహైనా పట్టణము గాలివానవంటి మంటలలో కాలిపోయి నూఱుమందికి పైగా చనిపోయిరి. ఆ ద్వీపమున సుమారు 80 సైరనులు కలవు. ఒక్కటియు మ్రోగలేదు. ఏల మ్రోగింపలేదని అడుగగా ఆ శాఖాధిపతి, మా ప్రజలు సైరను వినినచో సునామీ యనుకొని కొండవైపు పరుగెత్తుదురు, మంట ఉన్నది కొండవైపుననే కదా అనెను. ఇట్లు చెప్పిన మఱునాడే అతడు రాజీనామా చేసెను. అతని మాటలో యుక్తి లేకపోలేదు. కాని ఆ రాష్ట్రమువారి ప్రకటనలలోనే ఆ సైరనులు మంటలకు సైత ముపయోగించునవని వ్రాసియున్నది. కాగితముమీద ఒక అర్థము, జనుల మనస్సున మఱియొక అర్థము ఉన్నప్పుడు సైరను మూగదగును. సంకేతమునకు అర్థము పుట్టునది అంగడిలో కాదు, అలవాటులో.

అలవాటునకు దృష్టాంతముకొఱకు మనము హవాయి పోనక్కఱలేదు. బందరు, కాకినాడ, విశాఖ రేవులలో తుపాను సూచికల నెఱుగని తీరవాసి లేడు. ఒకటవ నంబరు మొదలు పదునొకండవ నంబరు వఱకు గుర్తులు. పగలు కంబమునకు కట్టు ఆకారములు, రాత్రి దీపములు. "పదవ నంబరు ఎగురవేసినా"రని వినినంతనే పల్లెకారు వలలు మడుచును. ముసలమ్మ సైతము మూటకట్టుకొనును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది జనులు పోయిన తరువాత ఆ నంబరుల యర్థము తీరమున మఱింత లోతుగా నాటుకొన్నది. ఆ గుర్తులను ఏ వర్తకుని లాభనష్టములును శాసింపవు. వాతావరణశాఖవారి వర్తమానము వచ్చినంతనే రేవు అధికారి గుర్తు నెగురవేయవలెను. ఎగురవేసినచో సరకు ఎగుమతి ఆగునే, ప్రజలు బెదరుదురే అని అతడు తర్కింపనక్కఱలేదు. తుపాను దిక్కు మార్చుకొని వేఱొకచోటికి పోయినను, ఊరక భయపెట్టినావని అతనిని ఎవరును నిందింపరు. నూఱేండ్లుగా నడచుచున్న ఈ పద్ధతిని సముద్రమునకు వర్తింపజేసి, రసాయనపు తొట్టికి ఏల వర్తింపజేయరాదు?

ఇక మన దేశమున ఈ దీపములకు సైరనులకు పట్టిన మఱియొక దుర్గతి కలదు. ఆపద్బాంధవులకై చేసిన యంత్రమును అధికారమునకు ఆభరణముగా ధరించుట మన పెద్దమనుష్యు లలవాటుచేసికొనిరి. ఎఱ్ఱబుగ్గ పెట్టిన కారు వచ్చుచున్నదన్న మంటలు లేవు, రోగి లేడు, దొంగ లేడు. ఒక దొరగారు విందునకో వివాహమునకో ఆలస్యమగుచున్నారు. 2013 డిసెంబరు 10వ తేదీన సుప్రీముకోర్టువారు అభయ్ సింగ్ కేసులో ఈ దురాచారమును తీవ్రముగా ఖండించి, ఎఱ్ఱదీపము ఉన్నతరాజ్యాంగపదవులవారికి మాత్రమే యుండవలెననియు, పలుస్వరముల హారనులు అంబులెన్సులు, అగ్నిమాపకశకటములు, పోలీసులు మొదలగువారికి తప్ప ఇతరులకు కూడదనియు ఆజ్ఞాపించిరి. 2017 ఏప్రిల్ 19వ తేదీన కేంద్రమంత్రివర్గము ఇంకొక అడుగు వేసి, ఆ మే 1వ తేదీనుండి రాష్ట్రపతి మొదలుకొని అందఱి కార్లపైని ఎఱ్ఱబుగ్గలను తొలగింపనిర్ణయించినది. బుగ్గలు చాలవఱకు దిగినవి. సైరనుల మోజు మాత్రము పూర్తిగా దిగినదని మేము చెప్పజాలము. వాహనముల అలంకారసామగ్రి అమ్ము అంగళ్లలో అడిగినవానికి అడిగిన కూత దొరకుచున్నంతకాలము అది దిగదు.

ఈ విషయమున చేయువాని బాధ్యతయు అమ్మువాని బాధ్యతయు మా దృష్టిలో స్పష్టముగా నున్నవి. మందులషాపువాడు చీటి లేక విషము నమ్మరాదు. తుపాకులషాపువాడు లైసెన్సు చూడక తుపాకి నమ్మరాదు. అంబులెన్సు గొంతును అనుమతి లేనివానికి అమ్మువాడు మాత్రము ఏ పుస్తకములోను కొనినవాని పేరు వ్రాసికొననక్కఱలేదా? 2019లో మోటారువాహనముల చట్టమును సవరించి, అత్యవసరవాహనమునకు దారి యీయనివానికి ఆఱునెలల వఱకు కారాగారమో, 10,000 రూపాయల జరిమానాయో, రెండునో విధింపవచ్చునని శాసించిరి. దారి యిమ్మని మమ్ము శాసింపుడు, శిరసావహింతుము. కాని వెనుక కూయుచున్నది రోగిబండియో, ఒక నాయకుని యనుచరుని బండియో ముందున్నవానికి తెలియునట్లు చేయుటయు ప్రభుత్వధర్మము కాదా? దొంగకూతలు పెరిగినకొలది నిజమైన రోగి ప్రాణము తగ్గుచున్నది. కూడలివద్ద దారి యీయక సందేహించువానియందు నిర్దయ కంటె అనుభవమే హెచ్చని మా నమ్మకము.

దృశ్యవార్తలవారును ఇందు తమ పాలు పంచుకొనిరి. 2025 మే నెలలో పాకిస్థానుతో పోరు సాగు దినములలో వార్తలు చదువునపుడెల్ల వెనుక యుద్ధపు సైరను కూయించి వారు ప్రేక్షకుల గుండెలు దడదడలాడించిరి. ఆ నెల 10వ తేదీన పౌరరక్షణశాఖ డైరెక్టరు జనరలువారు, ప్రజలకు నేర్పుటకు తప్ప ఆ ధ్వనిని వాడవలదనియు, అలవాటుపడిన చెవి నిజమైన ఆపదనాడు మేలుకొనదనియు హితవు చెప్పవలసివచ్చినది. చెప్పదగిన మాటనే చెప్పిరి. అదే శాఖవారు రసాయనకర్మాగారముల సైరనులనుగూర్చియు అంత శ్రద్ధ చూపినచో మఱింత సంతోషింతుము.

చట్టము లేదని ఎవరును సాకు చెప్పరాదు. భోపాలు తరువాత 1986లో పర్యావరణరక్షణచట్టము వచ్చినది. దానిక్రింద 1989లో ప్రమాదకర రసాయనముల నియమములు వచ్చినవి. కర్మాగారము లోపల ఆపద వచ్చినచో ఏమి చేయవలెనో యజమాని ముందుగా ప్రణాళిక వ్రాసియుంచవలెను. ఆఱునెలల కొకసారి అభ్యాసము చేయవలెను. గోడ కావల ఏమి చేయవలెనో జిల్లా అధికారులు ప్రణాళిక వ్రాయవలెను. ఏడాది కొకసారియైన అభ్యాసము జరుపవలెను. ఆపద తగులగల పరిసరవాసులకు అది యెట్టి యాపదయో, అప్పుడు ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో యజమాని తెలియజెప్పవలెను. ఇంత చక్కగా వ్రాసియున్నది. చదివిన న్యాయవాదికి సంతోషము కలుగును. గోడప్రక్కన కాపురమున్నవానిని పోయి అడిగినచో ఆ సంతోషము నిలువదు. సైరను ఎట్లు కూయునో అతడు వినియుండడు. కూసినచో గాలికి ఎదురుగా పోవలెనో అడ్డముగా పోవలెనో అతనికి ఎవరును చెప్పియుండరు. షిఫ్టు మారునపుడు మ్రోగు కూత ఒక్కటియే అతనికి పరిచితము, దానినిబట్టి గడియారము సరిదిద్దుకొనును.

మేము కోరునది కొత్త శాసనగ్రంథము కాదు. కొన్ని స్పష్టమైన నిబంధనలు చాలును. తొట్టిలో వేడియో ఒత్తిడియో నిర్ణీతమైన హద్దు దాటినంతనే, లేక వాయువు గుర్తింపబడినంతనే, ఊరి సైరను దానంతట అది మ్రోగునట్లు ఉండవలెను. మ్రోగింపవలెనా యని రాత్రివేళ నిద్రమొగముతో నున్న అధికారిని ఫోనులో అడుగు పద్ధతి పోవలెను. అదియుగాక ఒక మీట గోడకు వెలుపల, పంచాయతి కార్యాలయమునందో అగ్నిమాపకశాలయందో, ఉండవలెను. సద్బుద్ధితో మ్రోగించినవానికి, ఆపద రాకపోయినను, ఉద్యోగనష్టముగాని శిక్షగాని ఉండరాదు. మ్రోగింపవలసియు మ్రోగింపనివానికి శిక్ష యుండవలెను. నేడు కర్మాగారములో చిన్న ఉద్యోగి మనస్సులో ఈ తూకము తలక్రిందుగా నున్నది: మ్రోగించి తప్పైనచో ఉద్యోగము పోవును, మ్రోగింపక తప్పైనచో పదిమందితోపాటు విచారణలో నిలువవచ్చును. ముప్పదియాఱు మీటలకు ముప్పదియాఱు చేతులు చాచినను ఈ భయ మున్నంతకాలము ఒక్క వ్రేలును ఒత్తదు.

ఇక అలవాటు సంగతి. ఫెడరల్ సిగ్నల్ పుట్టిన చికాగోలో నెల కొకసారి, మొదటి మంగళవారము ఉదయము 10 గంటలకు, నగరపు సైరనులను పరీక్షగా మ్రోగింతురు. ఊరివారికి వేళ తెలియును, ఎవరును బెదరరు, ఏ సైరనైన మూగవోయినచో ఆ దినమే తెలిసిపోవును. ప్రమాదకర రసాయనములుంచు ప్రతి కర్మాగారము చుట్టును నెల కొకసారి ఇట్టి పరీక్ష జరిగినచో వ్యయ మెంత? మోటారు తిరుగు విద్యుత్తు మాత్రమే. అందుకు ఏ విదేశపు కంపెనీ థండర్‌బోల్ట్‌యు మనకు అక్కఱలేదు. మన దేశమున చేసిన సైరనే చాలును. పరీక్ష వినిన పిల్లవాడు ఇంటికి పోయి తల్లిని "ఇది ఎందులకు కూసిన"దని అడుగును. తల్లి కర్మాగారమువారిని అడుగును. బహుశః ఈ ప్రశ్నకు వెఱచియే పరీక్షలు జరుపుట లేదేమో!

విశాఖ మొదలుకొని హైదరాబాదు చుట్టుప్రక్కల వఱకు ఇట్టి కర్మాగారముల నీడలో కాపురముండు జనులు మన రెండు రాష్ట్రములలోను కొల్లలుగా నున్నారు. మా పాఠకులలో పఠనమందిరములు నడుపువారు, పురపాలకసంఘముల సభ్యులు, మా వృత్తివారు పలువు రున్నారు. వారు ఈ నెలలోనే చేయదగిన పని యొకటి కలదు. తమ యూరికి సమీపమునగల కర్మాగారమును పేర్కొని, దాని ఊరి సైరను చివరిసారి ఏ తేదీన మ్రోగినదో, మీటలు ఎన్ని కలవో, ఎవరి యధీనమున నున్నవో, బయటి ప్రణాళిక అభ్యాసము చివర ఏనాడు జరిగినదో తెలుపుమని జిల్లా కలెక్టరు కార్యాలయమునకు దరఖాస్తు పెట్టవలెను. దానికి 10 రూపాయలు చాలును. సామాన్యముగా 30 దినములలో సమాధాన మీయవలెనని 2005 నాటి సమాచారహక్కు చట్టము చెప్పుచున్నది. మనుష్యుని ప్రాణమునకో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైనచో 48 గంటలలోనే ఈయవలెనని అందులోని ఏడవ సెక్షను. దరఖాస్తుదారులు ఆ సెక్షనునే పేర్కొనవలెనని మా సలహా.